చీకటి గది గడియ

"గ్వాయ్ గ్వాయ్‌గా ఉందన్నా," అంది చిప్పులు పరీక్షించే యీరూ, పొద్దున ఫోన్‌లో. వెనకాల ల్యాబులో ఫ్యాన్లు తుఫానులా మోగుతున్నాయి, నా చెవికి మాత్రం ఆమె గొంతు తిన్నగానే వినపడింది. మా భాషలో ఈ మాటని గొంతు తిన్నగా నిలిపి అంటే బుద్ధిగా ఉందని. గొంతు కిందికి జార్చి అంటే ఏదో తేడా కొడుతోందని. యాభై ఒక్క ఏళ్లుగా ఈ భాషలోనే పుట్టి పెరిగి, ఈ భాషనే మెలితిప్పి నలుగురినీ నవ్విస్తూ బతుకుతున్నవాణ్ని, నాకే తెలియదా తేడా? తెలుసు. కాని కావలసిన మాట వినపడ్డప్పుడు చెవి ఇంకో మాట వెతకదు. వరండాలోకి వచ్చి కేకేశాను: "పడుకుంది, లేచింది, మళ్లీ పడుకుని మళ్లీ లేచింది! మన చిప్పు బుద్ధిగా ఉందహో! ఇక మన చేతికి చిప్ప రాదు!" నా గొంతు సంగతి అందరికీ ఎరుకే, నాలుగో అంతస్తులో నేను తుమ్మితే ఆరో అంతస్తులో టీ కప్పుల మూతలు కదులుతాయి. డైరెక్టరు లియావ్ సారు గదిలోంచి బయటికొచ్చి, చేతులు రుద్దుకుని, నిలబడ్డ చోటు నుంచే తైచుంగ్‌కి ఫోన్ కొట్టాడు. మా చిప్పు కొనే కంపెనీ తరఫున వచ్చే వారం రావలసిన వెన్ మేడం, అంత బుద్ధిమంతురాలైన చిప్పుని ఇవాళే చూస్తాం, నాలుగింటికి వస్తాం అందట. నేను మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తీస్తుండగా యీరూ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది. "అన్నా, నేనన్నది ఆ గ్వాయ్ గ్వాయ్ కాదన్నా, ఇంకోటి! పదిహేడు గంటలు బాగా నడిచి బిగుసుకుపోయింది. పాత రోగమే. మీరేంటి, ఊరంతా టముకేశారట?"

ఇప్పుడు మూడు దాటింది. అయిదో అంతస్తు మీటింగు గదిలో పద్నాలుగు కుర్చీల మధ్య ఒక్కణ్నీ కూర్చున్నాను. అక్టోబరు గాలి కిటికీ అద్దాన్ని గోకుతోంది. ఈ ఊళ్లో గాలి ఒకసారి మొదలుపెడితే మనిషిలా అలిసిపోదు. ఒళ్లో ఆకుపచ్చ ప్యాకెట్టు ఉంది. కాళ్ల దగ్గర చెత్తబుట్ట ఉంది. ఈ రెంటికీ మధ్య దూరం మూర కూడా లేదు, ఆ మూర దూరంలోనే నా ఇరవై ఆరేళ్ల ఉద్యోగం వేలాడుతోంది. లియావ్ సారు కంగారు పడలేదు. కంగారు పడడం ఆయన స్థాయికి తగదు, అది మాకు పంచిపెడతాడు. "రానీ పెంగ్. దాచొద్దు. ప్రోగ్రాము మార్చి చూశాం, కుదర్లేదు, చిప్పే మార్చాలి, ఒక పొర మారిస్తే చాలు అని చెబుదాం. కారణం కాగితం మీద ఉంది, పేరూ ఉంది. వాళ్ల నాణ్యతా విభాగానికి పేరు లేకపోతే నిద్ర పట్టదు. నువ్వు చేయవలసిందల్లా ఒకటే, మెషీన్ గదిలో సర్వరు మీది ప్యాకెట్టు తేదీ దాటిపోయింది, ఆవిడ యంత్రం కంటే ముందు ప్యాకెట్టు తేదీ చూసే మనిషి. పోయి మార్చిరా." పేరు. కాగితం మీది పేరు ఫాన్ లీయున్. ఏప్రిల్లో మానేసిన మనిషి. మానేసిన మనిషి పేరు రాయడం తేలిక, చదువుకుని అడ్డం చెప్పడానికి కుర్చీలో ఉండదు కదా.

మార్చి వచ్చాను. కొత్తది పెట్టాను, రెండు చేతులూ జోడించాను, పాతది తీశాను. మా సైన్స్ పార్కులో ఏ యంత్రం నెత్తిన చూసినా ఈ ఆకుపచ్చ ప్యాకెట్టు ఉంటుంది, కొబ్బరి వాసన వేసే మొక్కజొన్న చిరుతిండి, దాని పేరూ గ్వాయ్ గ్వాయే, బుద్ధిగా ఉండు అని. ఆకుపచ్చదే ఉండాలి, పచ్చ దీపం వెలుగుతూ ఉండాలి కనక. పసుపుదీ ఎర్రదీ పెడితే యంత్రం అలుగుతుంది. తినకూడదు. తేదీ దాటనివ్వకూడదు. దాటితే దండం పెట్టి చెత్తబుట్టలో వేయాలి. క్షణాన్ని వంద కోట్ల ముక్కలు చేసి ఒక్కో ముక్కకి జవాబుదారీ వహించే మేము, పదో తరగతి పిల్లలకి తర్కం పాఠాలు చెప్పగల మేము, ఈ ప్యాకెట్టు లేకుండా స్విచ్చి వేయం. సైన్సుకి చెప్పకండి, బాధపడుతుంది. పైగా మా జట్టుకి ఇంకో ఆచారం ఉంది, డిజైను ఫ్యాక్టరీకి పంపిన రోజున జట్టులో ప్రతి ఒక్కరూ నల్ల స్కెచ్ పెన్నుతో ప్యాకెట్టు మీద సంతకం పెట్టాలి. కిందటి నవంబరులో తొమ్మిది మందిమి పెట్టాం. నా సంతకం పక్కన నవ్వే ముఖం గీశాను, పళ్లతో సహా. లీయున్ ఆఖరున పెట్టింది. అందరూ మిఠాయి పెట్టె మీద పడ్డప్పుడు, ప్యాకెట్టు తిరగేసి వెనకవైపు అతుకు కింద ఏదో రాసి తనే సర్వరు మీద పెట్టింది, రాత యంత్రం నెత్తిని ఆనుకునేలా. పదకొండు నెలలు ఎవరూ తిరగేయలేదు. తేదీ దాటని ప్యాకెట్టుని కదపకూడదు కదా. ఇవాళ నేను తిరగేశాను. చిన్న అక్షరాలు, సూది మొనతో కుట్టినట్టు: "నిద్రలో సిద్ధం తీగకి 1 ఉండాలి. చెప్పాను. నవ్వారు. సున్నా నాది కాదు. ఫాన్ లీయున్."

సిద్ధం తీగ. తీగ లాగితే డొంకంతా కదిలింది అంటారు. నేను తీగ లాగలేదు, డొంకే వచ్చి నా ఒళ్లో కూర్చుంది. వెన్ మేడం కంపెనీ వాళ్లు ఇంట్లో మంచం పట్టినవాళ్ల కోసం చిన్న పంపు చేస్తారు, గుప్పిట్లో పట్టేంత, నరంలోకి చుక్క చుక్కగా మందు పోస్తుంది. చుక్కకీ చుక్కకీ మధ్య మా చిప్పు నిద్రపోవాలి, బ్యాటరీ నెల రోజులు రావాలి కదా. చిప్పుని ఇల్లనుకోండి. మెదడు ఒక గదిలో, మందు లెక్క చూసేది ఒక గదిలో, పని లేని గదికి కరెంటు ఆపేస్తారు. ఒక్క గదిలో మాత్రం దీపం ఎప్పుడూ ఆరదు. మిగతా గదుల దీపాలు ఎప్పుడు వేయాలో ఎప్పుడు తీయాలో గుర్తుంచుకునేది ఆ గదే. ప్రతి ఇంట్లో మా అత్తగారి లాంటి మనిషి ఒకరుంటారు, వంటింట్లో లైటు ఎవరు వదిలేశారో ఆవిడకే తెలుస్తుంది. గదులన్నిటి మధ్యా ఉమ్మడి దారి ఒకటి, దాన్ని మేం బస్సు అంటాం, చక్రాలుండవు, కిటికీ సీటు కోసం కొట్లాటలు మాత్రం ఉంటాయి. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు ఊరుకోవాలన్నది ఆ దారి మొదటి నియమం. ఇరవై ఏళ్లు ఆ దారులు గీశాను, ఆ నియమం మాత్రం నాకు వంటబట్టలేదు. మెదడు మందు గదిని అడుగుతుంది, ఎంత పోశావు అని. మందు గది జవాబు పట్టుకుని సిద్ధం అనే తీగని పైకెత్తాలి, ఒకటి చేయాలి. సున్నా ఉన్నంతసేపూ మెదడు ఆగాలి. ఎంతసేపు? ఎత్తేదాకా. వెనక వచ్చే మాటలన్నీ రైలు గేటు దగ్గర స్కూటర్లలా ఆగిపోతాయి.

మరి మందు గది దీపం ఆరిపోయి ఉంటే? కరెంటు లేని గదిలోంచి వచ్చే తీగలు తాగినవాడి చేతుల్లా ఎటైనా ఊగుతాయి. అందుకే ప్రతి తీగకీ గడప దగ్గర ఒక గడియ. దీపం ఆర్పే ముందు గడియ పడుతుంది, తీగ ఒక విలువ దగ్గర బిగుసుకుంటుంది, సున్నా దగ్గరో ఒకటి దగ్గరో. ఏ తీగకి ఏ విలువో చెప్పే పట్టిక లీయున్ రాసింది. కరెంటు పని ఆమెది, రీసెట్, అంటే బిగుసుకున్న చిప్పుని మళ్లీ లేపే పని, నాది, బస్సు ఇద్దరిదీ, పెద్దరికం నాది. గడియ వేయించింది నేను, ఇప్పుడు గడియలు లెక్కపెడుతున్నదీ నేనే, గోడ గడియారంలో మూడూ ఇరవై. రీసెట్ నాది. ఆ మాట ఎందుకు రెండోసారి అనుకున్నాను? దాని గురించి ఎవరూ అడగలేదు. అడగరు. గడియ కథ ఒక్కటే చాలు కాగితానికి, ఒక రోగానికి ఒక కారణం దొరికాక రెండోది వెతికే డాక్టరుని నేనింతవరకూ చూడలేదు.

ఇదే గది. ఇదే బల్ల. కిందటి అక్టోబరు, ఇదే గాలి. లీయున్ ఆ బోర్డు దగ్గర నిలబడి ఉంది, బక్క మనిషి, నా కంటే పదిహేనేళ్లు చిన్న, చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి. "పెంగ్ అన్నా, మిగతా తీగలన్నిటికీ సున్నానే, నేనూ ఒప్పుకుంటాను. ఈ ఒక్కదానికి ఒకటి కావాలి. మెదడు ప్రశ్న దారిలో ఉండగా గది ఆరిపోయిందనుకోండి, సున్నా మీద గడియ పడిందనుకోండి, మెదడు ఎదురు చూస్తూనే ఉంటుంది. ఒకటి మీద పడితే చెత్త జవాబైనా వస్తుంది. చెత్తని గుర్తుపట్టొచ్చన్నా. మౌనాన్ని గుర్తుపట్టలేం." ఎంత చక్కగా చెప్పింది. ఇవాళ ఆ మాటలు ఒక్కొక్కటీ అద్దంలో చూసినట్టు కనపడుతున్నాయి. ఆ రోజు నాకు కనపడింది నా సూత్రానికి అడ్డం వస్తున్న ఒక ఆడపిల్ల. పోయినవాడి మాట సున్నా అన్నది నా సూత్రం, కరెంటు పోయిన గదిలోంచి వచ్చే ప్రతి తీగా సున్నా. సున్నా అంటే సున్నితం, తప్పు జరగదు, గుర్తు పెట్టుకోవడం తేలిక. కొత్తగా చేరినవాళ్ల చేత వల్లె వేయించేవాణ్ని. సూత్రం కంటే అది చెప్పిన తీరు నాకు ముద్దు. కుర్చీలో వెనక్కి వాలి బల్ల చుట్టూ వేలు తిప్పి లెక్కపెట్టాను. "తొమ్మిది మందిమి ఉన్నాం. ఒకటి అన్నది ఒక్కతే!"

నవ్వులు. అబ్బ, ఎంత నవ్వారు. లియావ్ సారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. నవ్వు అయ్యేదాకా ఆమె నిలబడే ఉంది, పెన్ను మూత పెట్టింది, తీసింది, పెట్టింది. "నవ్వేశారా? ఇప్పుడు చెప్పండి, ఒకటా, సున్నానా?" "సున్నా. సూత్రం సూత్రమే." "రాసిస్తారా?" "నా నోటి మాటే రాత లీయున్, ఆరో అంతస్తు దాకా వినపడింది, అంతమంది సాక్షులు చాలరూ?" మళ్లీ నవ్వులు. పది నిమిషాలకి ఆమె తన బల్ల దగ్గర కూర్చుని పట్టికలో ఒకటి కొట్టేసి సున్నా పెట్టింది. మా కంప్యూటరు చెప్పుడు మాటలు వినదు, చేసింది మాత్రం రాసుకుంటుంది. ఫాన్ లీయున్, ఇన్ని గంటల ఇన్ని నిమిషాలకి, ఒకటి తీసి సున్నా. ఎవరు చెబితే తీసిందో రాసుకునే గడి అందులో లేదు. నా మాట మాత్రం క్యాంటీన్‌కి పాకింది, మీట్‌బాల్ సూపు వడ్డించే ఆవిడ కూడా, ఎన్ని బాల్సమ్మా, ఒకటా అని లీయున్‌ని ఆటపట్టించేది. కుర్రవాళ్లు ఒకటక్క అని పేరు పెట్టారు. నాకు గర్వంగా ఉండేది. మనం అన్న మాట మన వెనక తిరుగుతుంటే ఎవరికి గర్వం కాదు? కుక్కపిల్ల కూడా అలాగే తిరుగుతుంది, అది ఎక్కడెక్కడ తడిపిందో తర్వాత తెలుస్తుంది.

కుక్క అంటే గుర్తొచ్చింది, చిప్పులో కాపలా కుక్క కూడా ఒకటుంది. మెదడు చాలాసేపు పలక్కుండా ఉంటే అది కరుస్తుంది, కరిస్తే మెదడు ఉలిక్కిపడి మొదటి నుంచి లేస్తుంది. దాన్నే రీసెట్ అంటాం. మరి ఎందుకు లేవలేదు? మార్చిలో చిప్పులు వచ్చాయి, నలభై పంపుల్లో పెట్టి నీళ్లతో నడిపారు, మూడు బిగుసుకుపోయాయి. ఇంకా మనిషి నరానికి పెట్టలేదు కనక బతికాం, నీళ్ల గ్లాసు చుక్క కోసం ఎదురు చూసి చూసి ఊరుకుంది. కుక్క కరవలేదా? కరిచింది. మళ్లీ మళ్లీ కరిచింది. నాకు ఆ రోజే తెలిసింది ఎందుకో, యీరూ తీసిచ్చిన గీతల కాగితం చూసిన మూడో నిమిషంలో తెలిసింది, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. కుక్క కాటు మెదడుకి తగిలేలా గీశాను, ఆరని దీపం గదికి తగలకుండా గీశాను. ఆ గది ఎప్పుడూ మేలుకునే ఉంటుంది, దాన్ని మళ్లీ లేపడమెందుకు అని. మెదడు కొత్తగా లేచి అన్ని దీపాలూ వెలుగుతున్నాయనుకుంటుంది, లేవగానే మందు గదిని పిలుస్తుంది. ఆరని దీపం గది మాత్రం పాత మాటే పట్టుకుని ఉంటుంది, మందు గదికి కరెంటు వద్దన్నారు అని. పిలుపు వెళ్తుంది, సున్నా వస్తుంది, మెదడు ఆగుతుంది, కుక్క కరుస్తుంది, మెదడు లేస్తుంది, పిలుస్తుంది. బ్యాటరీ అయిపోయేదాకా ఇదే బతుకు. మా ఆవిడ నాతో ఇరవై మూడేళ్లుగా చేస్తున్నదీ ఇదే అంటుంది. ఇదిగో, చూశారా, ఇక్కడ కూడా నవ్వు వెతుక్కుంటున్నాను.

"ఇది ఎవరు మార్చారు?" అని లియావ్ సారు మార్చిలో ఇదే బల్ల దగ్గర అడిగినప్పుడు కంప్యూటరు ఆమె పేరు చూపించింది. ఆమె ఎవరి వంకా చూడలేదు, నా వంక చూసింది. తిట్టినట్టు కాదు, ప్రశ్న అడిగి జవాబు కోసం ఆగినట్టు. సిద్ధం తీగ నా చేతిలో ఉంది, ఎత్తితే చాలు. నేను పాల టీలో గొట్టం తిప్పుతూ, సున్నా చుట్టినవాళ్లకే సున్నం మిగులుతుంది అన్నాను. నవ్వారు. ఆమె మెడలోని గుర్తింపు కార్డు తీసి, దారం చక్కగా చుట్టి, బల్ల మీద పెట్టి వెళ్లింది. తర్వాత పది రోజులకి కాగితాలన్నీ సరిగ్గా రాసి మానేసింది. ఆగస్టులో ఇంకో కంపెనీ నుంచి ఎవరో ఆవిడ ఫోన్ చేసింది. ఫాన్ లీయున్ మీ కింద పని చేసిందట కదా, మీ అభిప్రాయం ఏమిటండీ, జాగ్రత్త గల మనిషేనా? జీవితంలో మొదటిసారి నా నోట మాట రాలేదు. పార్కులో గోడలకి చెవులు, ఆమె మంచిదంటే మరి తప్పెవరిది అంటారు. ఒక క్షణం, రెండు, మూడు. అవతల ఆవిడ, సరేనండీ, అర్థమైంది అని పెట్టేసింది. ఏం అర్థమైందో నాకు తెలుసు. మౌనాన్ని గుర్తుపట్టలేం అంది లీయున్. కాని మనుషులు చిప్పుల్లా ఎదురు చూస్తూ కూర్చోరు, మౌనంలో తమకి తోచిన జవాబు రాసుకుంటారు.

పోయిన ఆదివారం మా ఆవిడతో షిన్‌పు వెళ్లాను, ఎండబెట్టిన పెర్సిమన్ పళ్లు కొనడానికి. గాలి తిరిగిందంటే ఆ ఊళ్లో ప్రతి మిద్దె మీదా నారింజ రంగు జల్లెడలు పరుస్తారు. ఒక పాకలో ఆడవాళ్లు వరసగా కూర్చుని తొక్క తీస్తున్నారు, వరసలో చివర లీయున్. వాళ్ల పిన్ని తోటట. పళ్ల జిగురుకి వేళ్లన్నీ గోధుమ రంగుకి తిరిగాయి. చిప్పు గదిలో వెంట్రుక కూడా రాలకూడదని టోపీలు పెట్టుకున్న చేతులవి. ఛీ, చేతులకి టోపీలేమిటి, చూడండి, ఆమెని తలుచుకుంటే నా మాట కూడా తడబడుతుంది. మా ఆవిడకి ఏమీ తెలియదు. "అరె, మీ ఆఫీసు పిల్ల కదూ! తగ్గించి ఇవ్వమ్మా," అంది. లీయున్ లేచి చేతులు తుడుచుకుని నవ్వు లేని మర్యాదతో అడిగింది. "ఎన్ని ఇమ్మంటారు పెంగ్ అన్నా? ఒకటా, సున్నానా?" మా ఆవిడ పడీ పడీ నవ్వింది. దారంతా అంటూనే ఉంది, ఆ పిల్ల భలే సరదా మనిషండీ, మీ దగ్గరే నేర్చుకుని ఉంటుంది అని.

మూడూ నలభై ఎనిమిది. ప్యాకెట్టు గాలి నిండి చిన్న పాపాయి పొట్టలా ఉంది, నొక్కితే లోపల గలగల. బుట్టలో వేస్తే తప్పేముంది? తప్పు కాదు, ఆచారం. తేదీ దాటినదాన్ని ఉంచడమే తప్పు. దండం కూడా పెట్టేశాను. ఎవరైనా అడిగినా, లియావ్ సారే పారేయమన్నాడు అంటాను, అది నిజం కూడా. ఇంత శాస్త్రోక్తంగా సాక్ష్యం మాయం చేసే అవకాశం ఏ దొంగకి దొరుకుతుంది? ఇంకో పది నిమిషాల్లో ఆమె పేరు తెర మీద పడుతుంది, వెన్ మేడం రాసుకుంటుంది. ఆవిడకి తెలిసిన పన్నెండు కంపెనీల్లో తెలుస్తుంది, ఇక లీయున్ చిప్పు వంక చూడనక్కర్లేదు, పళ్లు ఒలుచుకోవచ్చు బతికినన్నాళ్లూ. చెబితే? చెబితే పెద్దరికం పోతుంది, ఇంకా నాలుగేళ్ల ఉద్యోగం ఉంది. అసలు నమ్ముతారా? నేను నోరు తెరిస్తే నవ్వడానికి సిద్ధంగా ఉన్న ముఖాలే నా చుట్టూ. ఇరవై ఆరేళ్లు కష్టపడి సంపాదించుకున్న ఆస్తి అది. చెప్పినా గడియ సంగతి చెబితే చాలు. రీసెట్ అక్కర్లేదు. ఈ ప్యాకెట్టు మీద రీసెట్ మాట లేదు. సగం నిజం అబద్ధం కాదు, తేదీ దాటని నిజం. ఛ.

లిఫ్టు మోగింది. అడుగులు. ముందు లియావ్ సారు నవ్వు లోపలికొచ్చింది, వెనక ఆయన వచ్చాడు, తర్వాత వెన్ మేడం, అరవైకి దగ్గర పడ్డ మనిషి, చంకలో అనాసపండు కేకుల పెట్టె, ఆమె మనుషులు ముగ్గురు, మా వాళ్లు అయిదుగురు, చివర యీరూ. "చూశానండీ, ప్యాకెట్టు కొత్తది పెట్టారు," అంది మేడం కూర్చుంటూనే. "ఎక్కడండీ మా బుద్ధిమంతురాలు?" లియావ్ సారు గొంతు సవరించుకుని తెర వెలిగించాడు. మూల కారణం: మాజీ ఉద్యోగిని ఫాన్ లీయున్ పట్టికలో చేసిన మార్పు. మేడం పెన్ను తీసింది. నా చెయ్యి నేను చెప్పకుండానే లేచి పాత ప్యాకెట్టుని బల్ల మధ్యలో పెట్టింది.

"పెంగ్ అన్న ఫలహారం తెచ్చాడ్రోయ్!" అన్నారెవరో. "తేదీ చూసుకోండి, దాటిపోయింది, అన్నలాగే!" ఘొల్లుమన్నారు. నేను లేచి నిలబడ్డాను. పొద్దున యీరూ తేడాగా ఉందంటే నేను బుద్ధిగా ఉందని విన్నానని, అందుకే మీరు అనవసరంగా ఇంత దూరం వచ్చారని చెప్పాను. ఇంకా నవ్వారు, వెన్ మేడం కూడా నవ్వింది. లియావ్ సారు మాత్రం పళ్లు బిగించి నవ్వాడు. ఆ సున్నా లీయున్‌ది కాదు, నాది అన్నాను. నవ్వారు. "సార్, ఈయనింతే," అని మా వాళ్లు తైచుంగ్ వాళ్లకి నచ్చజెప్పారు. "తొమ్మిది మందిమి ఉన్నాం, ఒకటి అన్నది ఒక్కతే అన్నాను నేను. ఇదే గదిలో." పాత నవ్వు మళ్లీ వచ్చింది, అరిగిపోలేదు. అప్పుడు ప్యాకెట్టు తిరగేసి మేడం ముందుకి జరిపాను. ఆవిడ కళ్లజోడు ఎత్తిపట్టి పైకి చదివింది. "నిద్రలో సిద్ధం తీగకి ఒకటి ఉండాలి. చెప్పాను. నవ్వారు. సున్నా నాది కాదు."

నవ్వులు ఒకరి తర్వాత ఒకరివి ఆరిపోయాయి, గదుల్లో దీపాలు తీసినట్టు. "పెంగ్, కూర్చో," అన్నాడు లియావ్ సారు మెల్లగా. "ఈవిడకి ఫోన్ చెయ్యండి," అంది మేడం. "ఇప్పుడా మేడం? మానేసిన మనిషిని..." "ఇప్పుడే. స్పీకరులో పెట్టండి." నంబరు నా దగ్గరే ఉంది. నాలుగుసార్లు మోగింది. అటువైపు గాలి హోరు.

"చెప్పండి పెంగ్ అన్నా. ఎన్ని పెట్టెలు?"

నేను ఫోన్‌ని మేడం వైపు జరిపాను. మేడమే బల్ల మీదికి వంగి, తనెవరో చెప్పి, ప్యాకెట్టు మీద రాత చదివామమ్మా అంది. "ఆ తీగకి ఒకటి పెడితే సరిపోతుందా అమ్మా? మా పంపులు లేస్తాయా?"

"సరిపోదండీ." గొంతులో కోపం లేదు, ఆ రోజు బోర్డు దగ్గర ఉన్న గొంతే. "ఆగింది సున్నా వల్ల. లేవలేకపోయింది రీసెట్ వల్ల. కాపలా కుక్క కరిచినా, ఎప్పుడూ మేలుకునుండే గదికి కాటు తగలదు, అది పాత మాటే పట్టుకుని ఉంటుంది. ఇవాళ ఒకటి పెట్టి ఈ రోగం తగ్గించినా, రేపు ఇంకో రోగానికి కుక్క కరిస్తే మళ్లీ ఇంతే. ఆ రీసెట్ ఎవరు గీశారో వాళ్లనే అడగండి, పక్కనే ఉంటారు. ఉంటానండీ. గాలి బాగుంది, జల్లెడలు తిప్పాలి."

ఫోన్ ఆగిపోయింది. పదకొండు ముఖాలు నా వైపు తిరిగాయి. నేను బోర్డు దగ్గరికి వెళ్లి పెన్ను మూత తీశాను. ముందు మెదడు గది గీశాను, తర్వాత మందు గది, తర్వాత దీపం ఆరని గది. పొద్దున ఫోన్‌లో విన్న మాట నుంచి మొదలుపెట్టి, పట్టికలో సున్నా ఎవరు పెట్టించారో, కంప్యూటరు ఎవరి పేరు రాసుకుందో, కుక్క కాటు ఏ గదికి తగలకుండా ఎవరు గీశారో, ఆగస్టులో ఫోన్ చేసినావిడకి ఎవరు జవాబు చెప్పలేదో, అన్నీ వరసగా, అందరికీ అర్థమయ్యేలా చెప్పాను. యీరూ రాసుకుంది. తెర మీద ఆమె పేరు ఇంకా అలాగే ఉంది, ఎవరూ తీయలేదు, యీరూనే లేచి తీసేసింది.

"రీసెట్ సంగతి మీకు ఎప్పటి నుంచి తెలుసు?" అంది వెన్ మేడం.

"మార్చి నుంచి."

"ఇంకెవరికి తెలుసు?"

"నా ఒక్కడికే అనుకున్నాను," అన్నాను. ఒక్కడు అన్న మాట దగ్గర లియావ్ సారు అలవాటు చొప్పున నవ్వబోయి, నా ముఖం చూసి ఆగిపోయాడు.